ఇటుకల బిల్లు ఉంచండి, పాత ఫారం 16 చించండి

ప్రశ్న: అక్కయ్యగారూ, నమస్కారం. మాది కాకినాడ. నాన్నగారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2023 నవంబరులో కాలం చేశారు. 1988లో స్థలం కొని, రెండేళ్లకు ఇల్లు కట్టుకుని, 2006లో పైన మరో పోర్షను వేశారు. ఇప్పుడు అమ్మను విశాఖలో నా దగ్గరికి తెచ్చుకుంటున్నాను. ఇల్లు అద్దెకిచ్చాం. ఎప్పటికైనా అమ్మక తప్పదనుకుంటున్నాం. నా తలనొప్పంతా కాగితాలతోనే. ఒక ట్రంకు పెట్టె, బీరువాలో నాలుగు అరలు. 1981 నుంచి ఆయన ఒక్క కాగితం పారేయలేదు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, ఏటా జీతం, పన్ను లెక్క చూపించే ఫారం 16లు, ఎల్ఐసీ రసీదులు, ఇంటి పన్ను, కుళాయి పన్ను, బ్యాంకు పుస్తకాలు, గోనెసంచిలో సిమెంటు బిల్లులు. మావారు తూకానికి వేసేద్దామంటారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు "అన్నీ స్కాన్ చేసి ష్రెడ్డర్‌లో వేసెయ్యక్కా" అంటాడు. అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వదు, నాన్న చేతిరాత చూసి ఏడుస్తుంది. ఏవి ఉంచాలి, ఏవి చించాలి, ఎన్నేళ్లు ఉంచాలి?

ఓ సోదరి, విశాఖపట్నం

సమాధానం:

చెల్లెమ్మా, ముందుగా ఒక మాట. ఈ వారం ఏ కాగితమూ చించకండి. తూకానికి అసలే వేయకండి. ట్రంకు పెట్టె అలాగే విశాఖకు తెచ్చుకోండి. అద్దెకొచ్చినవాళ్ల ఇంట్లో అటక మీద మాత్రం వదిలేయవద్దు.

నేను ముప్పై ఏళ్లు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేశాను. మీలాంటి ట్రంకు పెట్టెలు చాలా చూశాను. అందరూ అడిగేది "ఎన్నేళ్లు ఉంచాలి" అనే. కాగితం వయసు చూస్తే తప్పు దారి పడతాం. అది దేనికోసం పుట్టిందో చూడాలి. కొన్ని కాగితాలు ఒక సంవత్సరం కోసం పుడతాయి. ఆ ఏడాది జీతమెంత, పన్నెంత, ఎల్ఐసీ ఎంత కట్టారు అన్నవి. ఆ సంవత్సరం గురించి ప్రశ్నలు వేసే గడువు తీరిపోగానే వాటి పని అయిపోతుంది. మరికొన్ని ఒక ఆస్తి కోసం పుడతాయి. ఇల్లు, పొలం, బంగారం, షేర్లు. అవి ఆ ఆస్తి మీ చేతిలో ఉన్నంతకాలం బతికుంటాయి. ఆస్తి అమ్మాక, ఆ అమ్మకం చూపించిన రిటర్ను గడువు కూడా తీరేదాకా బతికుంటాయి. నలభై ఏళ్లైనా సరే.

ఈ తేడా తెలియక మా ఇంట్లో నేనే పొరపాటు చేశాను. మా నాన్నగారు పోయాక రిటర్నుల ఫైళ్లన్నీ ఏడాది ప్రకారం సర్ది, దారం కట్టి, పైన పేర్లు రాసి పెట్టుకున్నాను. మట్టికొట్టుకున్న ఒక సంచిలో సిమెంటు, ఇనుము, కూలీల రసీదులుంటే ఇవెందుకులే అని పారేశాను. అప్పటికి ఆఫీసులో చేరి రెండేళ్లే. కొన్నాళ్లకు ఇల్లు అమ్మినప్పుడు ఆ ఫైళ్లలో ఒక్కటీ ఎవరూ అడగలేదు. అడిగింది ఆ సంచినే.

అందుకే మీ గోనెసంచి దగ్గర మొదలుపెడదాం. మొత్తం ట్రంకు పెట్టెలో విలువైనది అదే.

ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటుంది. లాభం అంటే అమ్మిన ధరలోంచి ఖరీదు తీసేయగా మిగిలింది. మీకు వారసత్వంగా వచ్చింది కాబట్టి మీ ఖరీదు సున్నా అనుకోకండి. నాన్నగారికి ఎంతైందో అదే మీ ఖరీదు. 1988లో కొన్న స్థలం, 1990లో కట్టిన ఇల్లు రెండూ 2001 ఏప్రిల్ 1కి ముందువి. వాటికి ఆ రోజున్న మార్కెట్ విలువను ఖరీదుగా తీసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. ఆ రోజుకు స్టాంపు డ్యూటీ లెక్కగట్టే ప్రభుత్వ విలువ దొరికితే మాత్రం దాన్ని మించకూడదు. ఆస్తులకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రిపోర్టు రాయించుకోవాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆనాటి మార్కెట్ విలువ అడిగి తీసుకోవాలి. కాబట్టి 1990 నాటి ఇటుక, ఇసుక బిల్లులతో ఇక పని లేదు. 2001 విలువ సాధారణంగా వాటికంటే ఎక్కువే ఉంటుంది. అవి చించేయొచ్చు.

2006లో వేసిన పై పోర్షను సంగతి వేరు. 2001 తర్వాత ఇంటికి పెట్టిన పెద్ద ఖర్చు, అంటే కొత్త అంతస్తు, గదులు పెంచడం లాంటివి, ఖరీదుకు కలుస్తాయి. రుజువు చూపగలిగితేనే కలుస్తాయి. ఏటా వేసే వెల్లలు, చిన్న మరమ్మతులు కలవవు.

అంకెల్లో చూడండి. ఆ పోర్షనుకు ఎనిమిది లక్షలైందనుకుందాం. 2024 జులై 23 నుంచి ఇళ్లు, స్థలాల దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, ధరలు పెరిగిన మేరకు ప్రభుత్వ సూచీతో పాత ఖర్చును పెంచి లెక్కపెట్టుకోవడం లేదు. ఈ లెక్కన బిల్లులు ఉంటే సరిగ్గా లక్ష రూపాయల పన్ను తగ్గుతుంది. అయితే ఆ తేదీకి ముందే చేతికొచ్చిన ఇంటికి, అమ్మేవాళ్లు మన దేశంలోనే ఉంటున్నవాళ్లైతే, పాత పద్ధతిలో సూచీతో పెంచి 20 శాతం లెక్క కూడా వేసి చూసుకోవచ్చు. రెంటిలో ఏది తక్కువైతే అంతే కట్టాలి. సూచీ 2006-07లో 122, 2025-26లో 376. ఎనిమిది లక్షలు దాదాపు ఇరవై నాలుగున్నర లక్షలవుతుంది. అందులో 20 శాతమంటే నాలుగు లక్షల తొంభై వేలు దాటుతుంది. ఏ పద్ధతి కలిసొస్తుందో అమ్మే రోజు ధరను బట్టి తేలుతుంది. ఎటు తేలినా కనీసం లక్ష రూపాయలు ఆ మురికి సంచిలో ఉన్నాయన్నమాట. మీవారు తూకానికి వేద్దామన్నారని రాశారే, ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

సంచిలో బిల్లులన్నీ లేకపోయినా దిగులు పడకండి. పై పోర్షనుకు మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను, లోను తీసుకుని ఉంటే దాని స్టేట్‌మెంటు, పైన వేరే మీటరు పెట్టించినప్పటి కరెంటు కాగితం, ఇవన్నీ సాక్ష్యాలే. చాలామందికి తట్టని సాక్ష్యం ఇంకొకటుంది. ఇంటి పన్ను రసీదులు వరసగా పేర్చి చూడండి. ఒక అర్ధ సంవత్సరంలో పన్ను ఒక్కసారిగా పెరిగి కనబడుతుంది. పైన కట్టిన భాగాన్ని మున్సిపాలిటీ లెక్కలోకి తీసుకున్నది అప్పుడే. ఆ రసీదును, దానికి ముందుదాన్ని, ఏదైనా స్పెషల్ నోటీసు ఉంటే దాన్ని, జతచేసి బిల్లులతోపాటు పెట్టండి.

ఇంటి పన్ను మాట వచ్చింది కాబట్టి అదీ ఇక్కడే ముగిద్దాం. ఈ రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదు, హక్కు దస్తావేజులో ఉంటుంది. కానీ ఇల్లు ఎవరి అనుభవంలో ఉందో చెప్పడానికి పనికొస్తుంది. మున్సిపాలిటీ రికార్డులో నాన్నగారి పేరు తీసి మీ పేర్లు ఎక్కించే పని పూర్తయ్యేదాకా ఒక్క రసీదూ తీయకండి. తర్వాత మొట్టమొదటిది, పన్ను మారినప్పటివి, ఇటీవలి ఎనిమిదేళ్లవి ఉంచి మిగతావి తీసేయండి. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చారు. యజమానులుగా మీరు కట్టిన ఇంటి పన్ను, కట్టిన ఏడాది అద్దె ఆదాయంలోంచి తగ్గుతుంది. కాబట్టి ఇకమీదట వచ్చే రసీదులు మీ రిటర్నుకు కూడా కావాలి. కుళాయి పన్ను, కరెంటు బిల్లుల్లో ఆఖరి రెండు మూడు చాలు.

ఇక సంవత్సరాల కాగితాలు. పెట్టెలో ఎక్కువ భాగం ఇవే, తేలిగ్గా తేలేవీ ఇవే. ఆదాయపు పన్ను శాఖ పాత సంవత్సరాన్ని తిరగదోడడానికి గడువుంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అమలైన మార్పు ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మామూలుగా మూడేళ్ల మూడు నెలల్లోపు నోటీసు ఇవ్వాలి. దాచిన ఆదాయం యాభై లక్షలు, ఆ పైన ఉందని ఆధారాలుంటే అయిదేళ్ల మూడు నెలల దాకా ఇవ్వొచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది. సంపాదించిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి లెక్కపెడితే ఆరేళ్ల మూడు నెలలు. నేను ఎవరికైనా ఎనిమిదేళ్లు ఉంచమంటాను. గడువులు గతంలో చాలాసార్లు మారాయి. షేర్లలో, ఇంటి మీద వచ్చిన నష్టాన్ని ముందుకు తీసుకెళ్లే వీలు కూడా ఎనిమిదేళ్లుంటుంది. అలా నష్టం చూపించినవాళ్లు ఆ నష్టం సర్దుబాటైన ఏడాది నుంచి మళ్లీ ఎనిమిదేళ్లు లెక్కపెట్టుకోవాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. అసెస్‌మెంట్ సంవత్సరం అనే మాట పోయి పన్ను సంవత్సరం అంటున్నారు. మీ పెట్టెలో ఉన్నవన్నీ దానికి ముందు సంవత్సరాలవి, వాటికి పాత చట్టమే వర్తిస్తుంది.

కాబట్టి 2017 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంవి, అంతకు ముందువి అయిన ఫారం 16లు, జీతం స్లిప్పులు, ప్రీమియం రసీదులు, మెచ్యూరై డబ్బు చేతికొచ్చిన పాలసీ బాండ్లు, డిపాజిట్ల వడ్డీ సర్టిఫికెట్లు, విరాళాల రసీదులు, మందుల బిల్లులు, మీ పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఇవన్నీ చించవచ్చు. పెన్షన్ పేమెంట్ ఆర్డరు మాత్రం ఈ కుప్పలో కలవకుండా చూడండి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షను దానిమీదే నడుస్తోంది. దానికి వయసు లేదు.

అయితే చించే ముందు ఒక్క పని చేయండి. ప్రతి సంవత్సరానికీ మూడు రకాల కాగితాలు వేరు చేయండి. రిటర్ను అందినట్టు ఇచ్చిన రసీదు, పన్ను కట్టిన చలానాలు, శాఖ నుంచి లెక్క సరిచూసి పంపిన ఇంటిమేషన్ లేదా ఆర్డరు. ఏడాదికి నాలుగైదు పేజీలు మించవు. ఇవి చించకండి, ఎప్పటికీ ఉంచండి. మరీ జాగ్రత్త అనిపించవచ్చు. దానికో కారణముంది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు పాత చిన్న బకాయిలు మాఫీ చేస్తున్నట్టు చెప్పారు. 2009-10 దాకా ఒక్కో బకాయి ఇరవై అయిదు వేల వరకు, 2010-11 నుంచి 2014-15 దాకా పది వేల వరకు. వాటిలో కొన్ని 1962 నాటివని కూడా ఆ ప్రసంగంలోనే చెప్పారు. చూడండి, ప్రశ్న వేసే గడువు తీరినా, ఒకసారి పుస్తకంలో రాసుకున్న బకాయి అలాగే కూర్చుంటుంది. చలానా చేతిలో ఉన్నవాళ్లు ఇదిగో కట్టేశాం అని చూపించగలరు. మాఫీ పరిమితికి మించినవి ఇప్పటికీ ఉంటాయి.

నాన్నగారి పేరున అలాంటిదేమైనా ఉందో లేదో చూడాలంటే ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీరు గానీ అమ్మగారు గానీ ఆయన చట్టబద్ధ వారసులుగా నమోదు కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆయన పాన్, తహసీల్దారు ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. నమోదయ్యాక ఆయన పాత రిటర్నులు, బకాయిలు కనబడతాయి. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడిగితే చాలా వాటికి పాన్ చిన్న అక్షరాల్లో, దాని పక్కన ఆయన పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. అన్నీ దింపుకుని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇదంతా అయ్యాకే చించడం.

నాన్నగారి చివరి సంవత్సరం విడిగా చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆయన కాలం చేసిన రోజు వరకు వచ్చిన పెన్షను, వడ్డీ ఆయన ఆదాయమే. దానికి రిటర్ను ఆయన పేరున వారసులు వేయాలి. వేశారా? మీ ఉత్తరంలో రాయలేదు. వేయకపోతే, పన్ను కట్టాల్సింది ఉంటే, అప్‌డేటెడ్ రిటర్ను 2029 మార్చి 31 దాకా అదనపు పన్నుతో వేయవచ్చు. దాంతో రిఫండు అడిగే వీలు లేదు. ఆయన పోయిన తర్వాత కూడా బ్యాంకు డిపాజిట్లు కొన్ని నెలలు ఆయన పాన్ మీదే నడిచి ఉంటాయి, వడ్డీలోంచి బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, అందులోనే పడి ఉంటుంది. ఆ వడ్డీ వారసులది. ఈ గందరగోళం వల్లే నోటీసులు వస్తుంటాయి. అందుకని ఆ ఏడాది కాగితాలన్నీ, చిన్న స్లిప్పుతో సహా, 2030 జూన్ దాటేదాకా ఉంచండి. నోటీసు వస్తే భయపడవద్దని అమ్మగారికి ముందే చెప్పండి. ఆయన కట్టాల్సింది ఏదైనా తేలితే, ఆయన వదిలివెళ్లిన ఆస్తి విలువ మేరకే వారసుల బాధ్యత, సొంత డబ్బు మీదికి రాదు.

ఏ సంవత్సరం మీదైనా ఇప్పటికే నోటీసు, అప్పీలు నడుస్తుంటే పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు. ఆఖరి ఆర్డరు వచ్చేదాకా ఆ కట్ట విప్పకూడదు.

తమ్ముడి విషయం. స్కాన్ చేయమన్న సలహా మంచిదే, చించమన్న తొందర మంచిది కాదు. పైగా ఈ ఇంటి కాగితాలతో అందరికంటే అతనికే ఎక్కువ అవసరం. అతను విదేశంలో ఉన్నాడు కాబట్టి ఇందాక చెప్పిన 20 శాతం పాత లెక్క అతని వాటాకు దొరకదు. కొనేవాళ్లు అతనికిచ్చే డబ్బులో ముందే టీడీఎస్ పట్టుకోవాలి. లాభం ఎంతో వాళ్లకు తెలియదు కాబట్టి మొత్తం మీద పట్టుకుంటారు. తక్కువ పట్టేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి ఖరీదు రుజువులు, అంటే మళ్లీ ఆ గోనెసంచే, కావాలి. తర్వాత ఆ డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోంచి, అంటే విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతాలోంచి, అమెరికా పంపుకోవాలంటే, ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపే వీలుంది గానీ, బ్యాంకువాళ్లు ఇల్లు ఎలా వచ్చింది, పన్ను కట్టారా అని కాగితాలు అడుగుతారు.

ఇంకో సంగతి, ఇది మీ తమ్ముడు అక్కడి ఆడిటరు, అంటే సీపీఏతో మాట్లాడి తేల్చుకోవాలి. మన చట్టం వారసులకు నాన్నగారి ఖరీదే ఖరీదు అంటుంది. అమెరికా చట్టం సాధారణంగా ఆయన చనిపోయిన రోజున ఇంటి విలువ ఎంతో దాన్ని ఖరీదుగా తీసుకుంటుంది. ఒకే ఇంటికి రెండు దేశాల్లో రెండు లెక్కలు. కాబట్టి వాల్యూయర్ దగ్గరికి వెళ్లినప్పుడు 2001 ఏప్రిల్ 1 విలువతోపాటు 2023 నవంబరు విలువ కూడా రాయించుకుని తమ్ముడికి పంపండి. అయిదేళ్ల తర్వాత ఎవరినైనా అడిగితే ఆనాటి ధర చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

అమ్మగారి బంగారం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. నగల బిల్లులు ఎంత పాతవైనా ఉంచండి. సోదాలు జరిగితే పెళ్లైన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని స్త్రీకి 250, పురుషుడికి 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 మే నెలలో పన్నుల బోర్డు అధికారులకు సూచన ఇచ్చింది. అంతకు మించి ఉన్నవాళ్లకు పుట్టింటివారిచ్చిన జాబితా, పాత బిల్లు చాలా పనిచేస్తాయి. ఎవరింట్లోనైనా పాత సంపద పన్ను రిటర్నులుంటే, ఆ పన్ను 2015లో ఎత్తేశారు కదా అని పారేయకండి. ఫలానా ఏడాదికే మా దగ్గర ఇంత బంగారం ఉంది అని చెప్పడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు.

పెట్టె అడుగున రంగురంగుల షేరు సర్టిఫికెట్లు కనబడితే, కంపెనీ పేరు ఎప్పుడూ వినకపోయినా చించవద్దు. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోని షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్తాయి, వారసులు దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాగితం సర్టిఫికెట్లను అమ్మడం 2019 ఏప్రిల్ నుంచి కుదరదు గానీ, వారసుల పేరుకు మార్పించుకోవడం కుదురుతుంది. నాన్నగారి పేరున పొలమేదైనా ఉంటే పట్టాదారు పాసుపుస్తకం దస్తావేజుల్లో, పంట అమ్మిన తక్‌పట్టీలు సంవత్సరం కాగితాల్లో వేయండి.

చించడం ఎలా అన్నది కూడా అడిగారనే అనుకుంటాను. ఒకసారి బస్టాండులో వేరుశనక్కాయలు కొనుక్కున్నాను. పొట్లం విప్పితే ఎవరిదో లోను దరఖాస్తు పేజీ. ఫొటో, సంతకం, పాన్ నంబరు, ఫోను నంబరు, జీతం. ఆ పొట్లం ఇంటికి తెచ్చి ముక్కలు చేశాను. తూకానికి వేసిన కాగితం ఎక్కడ తేలుతుందో మన చేతిలో ఉండదు. పోయినవాళ్ల పాన్, సంతకం అయితే మరీ ప్రమాదం, వాడుకున్నా అడిగేవాళ్లుండరని.

ష్రెడ్డర్ కొంటే అడ్డంగా నిలువుగా రెండు విధాలా కోసేది కొనండి. పొడుగు రిబ్బన్లలా కోసేదైతే ఓపికున్నవాడు మళ్లీ అతికించగలడు. మిషన్ లేకపోయినా ఏం ఫరవాలేదు. పిన్నులు తీసేసి, పేరు, నంబరు, సంతకం ఉన్నచోట చేత్తో చిన్న ముక్కలు చేసి, బకెట్‌లో రాత్రంతా నానబెట్టి పొద్దున పిసికితే గుజ్జయిపోతుంది. మా అమ్మమ్మ అలా నానబెట్టిన కాగితాల్లో మెంతులు వేసి రోట్లో రుబ్బి చేటలకు పూసేది, బియ్యం గింజ కూడా జారేది కాదు. భోగి మంటలో వేస్తామని కొందరంటారు. మామూలు కాగితమైతే వేయండి, ప్లాస్టిక్ కవర్లు, లామినేషన్ చేసినవి, నున్నటి ఏటీఎం స్లిప్పులు వద్దు, ఆ పొగ మంచిది కాదు. వాడకుండా మిగిలిన చెక్కు కాగితాలు, సంతకం చేసిన ఆధార్ జిరాక్సులు ముందు వెతికి తీయండి, చించడం వాటితో మొదలుపెట్టండి.

ఉంచేవాటిలో నున్నటి కాగితం మీద అచ్చైన బిల్లులు రెండేళ్లకే తెల్లబడిపోతాయి. వాటికి ఇప్పుడే జిరాక్సు తీసి జతచేయండి. దస్తావేజులను లామినేషన్ చేయించకండి. కొత్త ఇంట్లో కింది అరలో, గోడకు ఆనించి పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కిటికీలు ఊడి వాన ఇళ్లలోకి ఎలా కొట్టిందో మీకు నేను చెప్పాలా? తడి చేరని ప్లాస్టిక్ కవర్లు, పై అర, నాఫ్తలీన్ ఉండలు. ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, వాల్యూయర్ రిపోర్టు బ్యాంకు లాకర్లో.

ఇక అమ్మగారు. ఆవిడ ముట్టుకోనివ్వడం లేదని ఫిర్యాదులా రాశారు. ఆవిడ లేకుండా ఈ పని మీరు చేయలేరు, చెల్లెమ్మా. 2006లో స్లాబు ఏ నెలలో పడింది, మేస్త్రీ పేరేమిటి, ఇనుము ఎక్కడ కొన్నారు, డబ్బు సొసైటీ లోనా, జీపీఎఫ్‌లోంచి తీసిందా, ఆవిడ గాజులు తాకట్టు పెట్టిందా, ఇవి చెప్పగలిగే మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కరే. లెక్కల మాస్టారు కదా, ఆ సంచిలో ఎక్కడో రోజువారీ కూలీల పద్దు పుస్తకం తప్పక ఉంటుందని నా నమ్మకం. అది దొరికితే ఆయన చేతిరాతే మీ కేసుకు సాక్ష్యం, దాన్ని చించే ప్రశ్నే లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చదివించండి. తేదీలు, పేర్లు మీరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించండి. ఫారం 16ల చివర కూడా ఆయన పెన్సిలుతో వేసుకున్న లెక్కలుంటాయి. వాటిలో ఆవిడకు నచ్చినవి నాలుగు తీసి ఇవ్వండి, గడువు తీరినవైనా సరే. మిగతావి ఆవిడ చేత్తోనే బకెట్‌లో వేయనివ్వండి.